నడుముకు రెండు కత్తులు... నెత్తిన కొండంత అప్పు

1860 మార్చి 24. ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఆ రోజు ఆడపిల్లల బొమ్మల పండగ. వసంతం వచ్చేసినా అకాలంగా మంచు కురుస్తోంది. యోధుల పాలకుడైన షోగన్ ప్రభుత్వాన్ని తన చేతిమీదుగా నడుపుతున్న మహామంత్రి ఇయి నావోసుకే పల్లకీలో కోటకు బయల్దేరాడు. ఆయన మేడ నుంచి కోట సకురదా ద్వారం దాకా ఎంత నెమ్మదిగా నడిచినా పది నిమిషాల దారి. చుట్టూ దాదాపు అరవై మంది పరివారం. మంచుకు తడిసి పాడవకుండా అందరూ కత్తి పిడులకు గుడ్డ తొడుగులు కట్టుకున్నారు. దారి పక్కన ఊరేగింపు చూడ్డానికి వచ్చినవాళ్లలా నిలబడ్డ పద్దెనిమిది మంది ఉన్నట్టుండి మీద పడ్డారు. ముందు పేలింది తుపాకీ. గుండు పల్లకీలోని మంత్రికి తగిలింది. కాపలా ఉన్న సమురాయ్‌లు తొడుగుల ముడులు విప్పి కత్తులు దూసేలోగానే చాలామంది నేలకూలారు. కొద్ది నిమిషాల్లో జపాన్‌లోకెల్లా శక్తిమంతుడైన మనిషి తల తెగి మంచులో పడింది.

చంపినవాళ్లూ సమురాయ్‌లే, చచ్చినవాళ్లూ సమురాయ్‌లే. బతికి బయటపడ్డ కాపలావాళ్ల కథ మరీ ఘోరం. రెండేళ్ల తర్వాత వాళ్ల సంస్థానమే తీర్పు చెప్పింది. చిన్న గాయాలతో బయటపడ్డవాళ్లు కడుపు చీల్చుకోవాలి. ఒంటి మీద గాయమే లేనివాళ్లకు శిరచ్ఛేదం.

ఈ హత్యకు సరిగ్గా వారం ముందు కన్రిన్ మారు అనే చిన్న యుద్ధనౌక పసిఫిక్ దాటి శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో లంగరు వేసింది. దాని నాయకుడు కట్సు కైషూ. అందులో ప్రయాణించిన మరో యువకుడు ఫుకుజావా యుకిచి, తర్వాతి కాలంలో కెయో విశ్వవిద్యాలయ స్థాపకుడు. ఈ ఇద్దరూ తక్కువ జీతం సమురాయ్ కుటుంబాల్లో పుట్టినవాళ్లే. ఒకే నెలలో ఒకే వర్గం మనుషులు ఒకచోట పాత లెక్కలు కత్తితో తేల్చుకుంటున్నారు, మరోచోట కొత్త ప్రపంచాన్ని కళ్లారా చూసి నేర్చుకుంటున్నారు.

సమురాయ్ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా. టామ్ క్రూజ్ 'ది లాస్ట్ సమురాయ్' టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో! 2024లో 'షోగన్' సిరీస్ పద్దెనిమిది ఎమ్మీ అవార్డులు కొట్టాక కొత్త తరానికీ ఆ పిచ్చి పట్టుకుంది. మెరిసే కత్తి, చలించని ముఖం, ప్రభువు కోసం ప్రాణత్యాగం. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ దాదాపు వెయ్యేళ్ల ఆ వర్గ చరిత్రలో రెండున్నర శతాబ్దాలు యుద్ధమే లేకుండా గడిచాయి. కత్తి ఒరలో ఉండిపోయింది, చేతికి కుంచె వచ్చింది, ఇంటికి అప్పులవాడు వచ్చాడు. జపాన్‌ను ఈనాటి జపాన్‌గా మార్చినవాళ్లు తయారైంది ఆ నిశ్శబ్దపు కాలంలోనే.

మొదటి ఆయుధం విల్లు

తొలినాటి సమురాయ్‌కి కత్తి రెండో వరుస ఆయుధం. పదో శతాబ్దం నుంచీ యోధుడి గొప్పతనాన్ని కొలిచింది గుర్రం మీద దౌడు తీస్తూ బాణం వేయగలిగే నేర్పుతోనే. క్యోటోలో చక్రవర్తి కొలువు కవిత్వంలో, పండగల్లో మునిగి ఉంటే, పల్లెల్లో భూములు కాపాడేవాళ్లు, శిస్తులు వసూలు చేసేవాళ్లు క్రమంగా ఆయుధాలు పట్టి బలపడ్డారు. 1185లో దన్‌నో ఉరా సముద్ర యుద్ధంలో తైరా వంశం నాశనమైంది. పసిబాలుడైన అంతోకు చక్రవర్తి కూడా ఆ నీళ్లలోనే మునిగిపోయాడు. గెలిచిన మినమోటో యోరిటోమో 1192లో షోగన్ అయ్యాడు. రాజధానికి దూరంగా కమకురాలో అతని కచ్చేరీ వెలిసింది. చక్రవర్తి సింహాసనం మీద చక్రవర్తే ఉన్నాడు, అధికారం మాత్రం యోధుల చేతికి పోయింది. ఆ ఏర్పాటు మధ్యలో కొద్దికాలం తప్పితే 1868 దాకా సాగింది.

ఆ రోజుల్లో స్వామిభక్తి అంటే ఇచ్చిపుచ్చుకోవడం. అందుకు సాక్ష్యం టకెజాకి సుయెనాగా. 1274లో మంగోలు సేనలు క్యూషూ తీరంలో దిగినప్పుడు కొద్దిమంది అనుచరులతో ముందుకురికి గాయపడ్డాడు. బహుమానం రాలేదు. ఊరుకోలేదు సుయెనాగా. గుర్రాలూ జీనులూ అమ్మి దారిఖర్చులు సంపాదించుకుని, నెలల తరబడి ప్రయాణం చేసి కమకురా వెళ్లాడు. అధికారి ఎదుట కూర్చుని, ముందు దూకింది తానేననీ, తనకు రావలసింది ఇవ్వాల్సిందేననీ వాదించాడు. చివరికి భూమి దక్కింది, పైగా ఒక గుర్రం కూడా. ఆ తర్వాత తన పోరాటాన్నంతా పొడవైన బొమ్మల చుట్టగా గీయించుకున్నాడు. గుర్రం నెత్తురు కక్కుతుంటే, గాలిలో బాంబు పేలుతుంటే, మంగోలు విలుకాళ్లకు ఎదురుగా ఒంటరిగా నిలబడ్డ సుయెనాగా బొమ్మ ఇప్పటికీ జపాన్ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది.

పదిహేను, పదహారు శతాబ్దాల అంతర్యుద్ధాల్లో ఈ లెక్క ఇంకా బాహాటమైంది. తోదో టకటోరా అనే యోధుడు ఒకరి తర్వాత ఒకరుగా అరడజనుకు పైగా ప్రభువులను మార్చాడు, ఆఖరికి తానే ఒక పెద్ద సంస్థానానికి అధిపతి అయ్యాడు. 1582లో ప్రభువు ఓడా నొబునాగాను ముట్టడించి చావుకు నెట్టింది సొంత సేనాని అకెచి మిత్సుహిదెనే. జపాన్ భవితవ్యం తేల్చిన 1600 నాటి సెకిగహారా యుద్ధం మలుపు తిరిగింది కూడా కొబయకావా హిదెయకి పోరు మధ్యలో పక్షం మార్చడంతోనే.

తుపాకీని వాళ్లు అసహ్యించుకున్నారన్నదీ అపోహే. 1543లో పోర్చుగీసువాళ్ల వెంట టనెగషిమా దీవికి వత్తి తుపాకులు వచ్చాయి. చూసిందే తడవుగా జపాన్ కమ్మరులు వాటిని తయారు చేయడం మొదలుపెట్టారు. 1575లో నగషినో దగ్గర నొబునాగా తుపాకీ దళం టకెదా వంశపు పేరుమోసిన సేనను చావుదెబ్బ తీసింది.

కత్తుల వేట

రైతు కావాలంటే యోధుడయ్యే దారిని మూసేసింది స్వయంగా ఆ దారిలోనే పైకొచ్చిన టొయొటోమి హిదెయోషి. పల్లెలో పేదింట పుట్టి దేశాన్నంతా ఏకం చేసిన ఆయన, 1588లో రైతుల దగ్గరున్న కత్తులు, ఈటెలు, తుపాకులు అన్నీ జప్తు చేయించాడు. ఆ ఇనుముతో క్యోటోలో కట్టే మహాబుద్ధుడికి మేకులు చేయిస్తామని, రైతులకు పుణ్యం వస్తుందని ఆజ్ఞాపత్రంలో రాయించాడు. మూడేళ్లకు మరో ఆజ్ఞ: సమురాయ్ రైతుగా, వ్యాపారిగా మారకూడదు, రైతు పొలం విడిచి పోకూడదు. అక్కడితో యోధుడనేది పుట్టుకతో వచ్చే హోదా అయింది.

1603లో టోకుగావా ఇయెయాసు షోగన్ అయ్యాడు. 1615లో ఒసాకా కోట కూలింది. ఆ తర్వాత చెదురుమదురు తిరుగుబాట్లు తప్ప దేశంలో పెద్ద యుద్ధం లేదు. మరి, యుద్ధం కోసమే పుట్టి పెరిగిన లక్షల మందిని ఏం చేయాలి? కోటల చుట్టూ పట్టణాల్లో కూర్చోబెట్టారు. పద్దులు రాయించారు, శిస్తులు లెక్కగట్టించారు, ధాన్యపు గాదెలకు కాపలా పెట్టారు, వంతెనలకు మరమ్మతులు చేయించారు. బడులు పెట్టి కన్ఫ్యూషియస్ గ్రంథాలు చదివించారు. పొడవైనదొకటి, పొట్టిదొకటి నడుముకు రెండు కత్తులు పెట్టుకునే హక్కు మాత్రం ఆ వర్గానికే మిగిలింది.

బియ్యమే జీతం

సమురాయ్ జీతాన్ని కొకు లెక్కన కట్టేవాళ్లు. ఒక కొకు అంటే సుమారు 180 లీటర్లు, తూకంలో నూటయాభై కిలోల బియ్యం. ఒక మనిషి ఏడాది తిండికి సరిపోతుందని అప్పటి అంచనా. పదివేల కొకులు, ఆ పైన పండే భూములుంటే సంస్థానాధీశుడు. అన్నిటిలోకీ పెద్దదైన కగా సంస్థానానిది పది లక్షల కొకుల పేరు. అట్టడుగు సమురాయ్‌కి ఏడాదికి ముప్పై, నలభై కొకులు వస్తే గొప్ప.

జీతం తరాల తరబడి మారదు. తాతకు ఎంత వచ్చిందో మనవడికీ అంతే. నగరంలో బతకాలంటే డబ్బు కావాలి, చేతికొచ్చేదేమో బియ్యం. ఎడోలో షోగన్ కొలువు సమురాయ్‌ల బియ్యాన్ని అసకుసా గాదెల దగ్గర ఫుదసషి అనే దళారులు అమ్మిపెట్టేవాళ్లు. రాబోయే జీతం మీద అప్పులిచ్చేదీ వాళ్లే. ఆ అప్పులు ఎంతగా పేరుకుపోయాయంటే, 1789లో మంత్రి మత్సుదైరా సదనోబు పాత బాకీలను ఒక్క ఆజ్ఞతో కొట్టిపారేశాడు. దళారులు కొత్త అప్పులు బిగబట్టారు. ఊరట దొరికిన సమురాయ్‌లే కొద్దికాలానికి మళ్లీ చేతులు చాచాల్సి వచ్చింది.

సంస్థానాధీశులకూ సుఖం లేదు. 1635 నాటి నియమం ప్రకారం వాళ్లు ఒక ఏడాది సొంత సంస్థానంలో, ఒక ఏడాది ఎడోలో గడపాలి. భార్యాబిడ్డలు ఎప్పుడూ ఎడోలోనే ఉండాలి. కగా ప్రభువు కదిలితే వెంట రెండు వేల మందికి పైగా కదిలేవాళ్లు. దాదాపు 480 కిలోమీటర్లు, పన్నెండు పదమూడు రోజులు. ఆ ఖర్చు తట్టుకోలేక ప్రభువులు తమ సమురాయ్‌ల జీతాల్లోనే కోత పెట్టేవాళ్లు, దానికి 'అప్పుగా తీసుకుంటున్నాం' అని పేరు.

ఇక చిన్న జీతగాళ్లు చేతిపనులు పట్టారు. ఎడోలో అయొయామా వైపు సమురాయ్ ఇళ్లలో గొడుగులు తయారయ్యేవి. షితయాలో కాల్బలం ఇళ్ల పెరళ్లలో అసగావో పూలమొక్కలు పెరిగేవి. ఓకుబోలో ఉండే వంద మంది తుపాకీ దళం వాళ్లు పెంచిన అజేలియా పూలు చూడ్డానికి ఊరంతా కదిలి వచ్చేది. కత్తి తాకట్టు పెట్టి, ఒరలో వెదురుబద్ద దూర్చుకుని తిరిగినవాళ్లూ ఉన్నారు. పస్తులున్నా పళ్లు కుట్టుకుంటూ కనిపిస్తాడు సమురాయ్ అని జపానువాళ్ల సామెత. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మనవాళ్లన్న మాటకు అది అన్నదమ్ముడే.

ఈ బతుకును అంకెలతో సహా చూపించే కాగితాలు 2001లో టోక్యోలోని ఒక పాత పుస్తకాల దుకాణంలో చరిత్రకారుడు ఇసోదా మిచిఫుమి కంటపడ్డాయి. కనజావాలో కగా సంస్థానానికి తరతరాలుగా లెక్కలు రాసిన ఇనొయామా కుటుంబం ఇంటి జమాఖర్చులవి. 1842 నుంచి 1879 దాకా ప్రతి పద్దూ ఉంది. మొదలే అప్పుల్లో: బాకీ ఏడాది రాబడికి రెండింతలు. ఇంటి పెద్ద నవోయుకి ఒక నిర్ణయం తీసుకున్నాడు. టీ సామాన్లు, పట్టు కిమోనోలు, పుస్తకాలు, ఇంట్లో అమ్మదగ్గదంతా అమ్మేశాడు. బాకీలు కొంత తీర్చి, మిగతావి వడ్డీ లేకుండా వాయిదాల మీద కట్టేలా అప్పులవాళ్లను ఒప్పించాడు. ఇకనుంచి ప్రతి పైసా రాయాలన్నాడు. ఇంట్లో పిల్లల వేడుక వచ్చింది. ఆచారం ప్రకారం విస్తట్లో తై చేప ఉండాలి. కొనే స్తోమత లేదు. కాగితం మీద చేప బొమ్మ గీసి పెట్టారు! వేడుక మానుకోలేదు, పరువు పోనివ్వలేదు, అప్పూ చేయలేదు.

ఇసోదా లెక్కల్లో తేలిన అసలు విషయం ఇంకొకటుంది. ఆ ఇంటిని ముంచింది విలాసం కాదు, హోదా. సమురాయ్ అన్నాక పనివాళ్లను పెట్టుకోవాలి, బంధువుల ఇళ్లకు కానుకలు పంపాలి, కర్మకాండలు తప్పకూడదు. అవన్నీ పోగా ఇంటి యజమాని చేతిఖర్చుకు మిగిలేది అతి స్వల్పం. 2003లో వెలువడిన ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడై, 2010లో సినిమాగానూ వచ్చింది. లెక్కలు నేర్చిన నవోయుకి కొడుకు 1868 తర్వాతి కొత్త ప్రభుత్వంలో నౌకాదళ లెక్కల అధికారి అయ్యాడు. కత్తి తిప్పిన బంధువులు కష్టాల్లో పడితే, ఆ ఇంటిని నిలబెట్టింది లెక్కల చదువు.

పొదుపుగా బతికినవాడు నవోయుకి అయితే, దానికి పూర్తిగా ఎదురు మనిషి కట్సు కోకిచి. 1802లో పుట్టాడు. 41 కొకుల జీతం, చేయడానికి కొలువు లేదు. పధ్నాలుగేళ్లకే ఇల్లు విడిచి పారిపోయి దారిలో అడుక్కుతిన్నాడు. పెద్దయ్యాక పాత కత్తులు కొని అమ్మాడు, వీధి కొట్లాటల్లో తలదూర్చాడు. ఇరవై ఒకటో ఏట మళ్లీ పారిపోయి వస్తే, ఇంట్లోనే చెక్కబోను కట్టించి మూడేళ్లు అందులో ఉంచారు. చదువు మీద మనసు పెట్టింది ఆ బోనులోనే. 1843లో, తనలా బతకొద్దని సంతానానికి చెప్పడానికంటూ ఆత్మకథ రాశాడు. సమురాయ్ జీవితాన్ని ఇంత దాపరికం లేకుండా చెప్పిన పుస్తకం మరొకటి అరుదు. ఆయన కొడుకే కన్రిన్ మారు నడిపిన కట్సు కైషూ. 1868 వసంతంలో విప్లవసేనలు ఎడోను చుట్టుముట్టినప్పుడు వాటి సేనాని సైగో టకమోరితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడి, యుద్ధం లేకుండా కోటను అప్పగించి, మహానగరాన్ని మంటల నుంచి తప్పించింది ఈ కైషూనే. జపాన్ సమురాయ్‌లలో ఒక్కరికే దండం పెట్టమంటే ఆయనకే పెట్టాలి.

మచిలీపట్నం దారిలో

హత్యకు గురైన ఇయి నావోసుకే వంశానిది హికోనె సంస్థానం. ఆ ఇంట తరాలుగా దాచిన బట్టల నమూనాలు ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. 450 ముక్కలు. ఎక్కువ భాగం భారతదేశపు అద్దకపు నూలుబట్టలే. జపానువాళ్లు వాటిని సరసా అంటారు. డచ్చి వర్తకులు పదిహేడో శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో స్థావరం వేసుకుని, కోరమాండల్ తీరం వెంబడి కొన్న బట్టలను నాగసాకి దాకా ఓడల్లో చేరవేశారు. మన తీరపు రంగుబట్టలు అక్కడ గజాల లెక్కన కాదు, ముక్కల లెక్కన ముద్దు. సమురాయ్‌లు వాటితో పొగాకు సంచులు కుట్టించుకున్నారు, టీ వేడుకలో వాడే విలువైన పాత్రలకు తొడుగులు చేయించుకున్నారు. నావోసుకే స్వయంగా టీ కళలో పండితుడు. ఆ 450 ముక్కల్లో ఏది ఏ ఊరి అద్దకమో విడదీసి చెప్పే పని మన కలంకారీ పరిశోధకులు తలకెత్తుకోదగ్గది.

చావు గురించి రాసినవాళ్లు

సమురాయ్ ధర్మం పేరిట ప్రపంచమంతా చదివే పుస్తకాలు రెండు. రెండూ యుద్ధం ఎరగనివాళ్లు చెప్పినవే. 'హగకురె' చెప్పిన యమమోటో ట్సునెటోమో సగా సంస్థానంలో ప్రభువుకు రాతకోతల కొలువు చేసినవాడు. 1700లో ప్రభువు చనిపోతే వెంట చావాలనుకున్నాడు, అప్పటికే అలాంటి చావును చట్టం నిషేధించింది. సన్యాసం పుచ్చుకుని, గుడిసెలో కూర్చుని ఒక యువకుడికి చెప్పిన మాటలే ఆ పుస్తకం. యోధుడు చావును రోజూ తలచుకోవాలన్న ఆయన మాటల్లో పోరు దొరకని తరం వేదన వినిపిస్తుంది. చాలాకాలం ఆ సంస్థానం దాటని ఈ పుస్తకాన్ని 1930లలో సైనిక పాలకులు నెత్తికెత్తుకున్నారు.

నలభై ఏడుగురు రోనిన్‌ల, అంటే ప్రభువు లేని సమురాయ్‌ల, కథ కూడా శాంతికాలానిదే. 1701లో షోగన్ కోటలో కత్తి దూసినందుకు అకో ప్రభువు అసనో ప్రాణం తీసుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు తిరక్కముందే అతని మాజీ సేవకులు ఒక మంచు రాత్రి శత్రువు కిరా ఇంటి మీద పడి తల తెచ్చారు. మెచ్చుకోవాలా, శిక్షించాలా? ప్రభుత్వం వారాల తరబడి తర్జనభర్జన పడింది. చివరికి పరువు దక్కేలా కడుపు చీల్చుకుని చావమంది. దేశమంతా వాళ్లను కొనియాడుతుంటే ట్సునెటోమో మాత్రం తప్పుపట్టాడు: అంతకాలం ఆగారు కదా, ఈలోగా శత్రువు జబ్బుచేసి పోయి ఉంటే?

రెండో పుస్తకం 'బుషిదో'. రాసిన నిటోబె ఇనాజో సమురాయ్ ఇంట పుట్టాడు గానీ, ఆ వర్గం రద్దయ్యేనాటికి ఇంకా కుర్రవాడు. క్రైస్తవం పుచ్చుకున్నాడు. అమెరికాలో ఉండగా, విదేశీయుల కోసం, ఇంగ్లిషులో రాశాడు. మంచి మనసుతో రాసిన ఆదర్శం అది. దాన్నే వెయ్యేళ్ల చరిత్ర అనుకుంటే మాత్రం సుయెనాగా, టకటోరా లాంటి నిజమైన యోధులు ఎవరికీ కనిపించకుండా పోతారు.

వాళ్ల ఆడవాళ్లు

1868 అంతర్యుద్ధంలో ఐజు సంస్థానం షోగన్ పక్షాన నిలిచింది. అక్కడ ఇరవై ఒక్కేళ్ల నకనో టకెకో పొడవాటి కర్రకు కత్తి బిగించిన నగినాట పట్టి, కొందరు స్త్రీలతో కలిసి తుపాకీ దళాల మీదికి వెళ్లింది. సేనలో చోటివ్వమని అధికారులు నిరాకరించినా ఆగలేదు. తూటా తగిలి పడిపోయింది. తల శత్రువు చేతికి చిక్కకూడదని చెల్లెలే కోసి తీసుకెళ్లింది. అదే ముట్టడిలో యమమోటో యాయె జుట్టు కత్తిరించుకుని, మగదుస్తులు వేసుకుని, ఏడు గుళ్ల స్పెన్సర్ రైఫిల్‌తో కోట మీంచి పోరాడింది. ఆ తర్వాత క్యోటోలో దోషిషా విద్యాసంస్థ స్థాపకుడు నీజిమా జో భార్యగా, యుద్ధాల్లో నర్సుగా మరో జీవితం గడిపింది.

1873లో మత్సుషిరో సమురాయ్ కూతురు యొకోటా ఎయ్ తొమియోకా పట్టు మిల్లులో కార్మికురాలిగా చేరింది. ఫ్రెంచి యంత్రాల మీద దారం తీయడం నేర్చుకుని, సొంతూరికి తిరిగెళ్లి అక్కడి ఆడపిల్లలకు నేర్పింది. ఆ అనుభవాలను రాసిపెట్టింది కూడా. ఆ మిల్లు ఇప్పుడు ప్రపంచ వారసత్వ కట్టడం.

తమను తామే రద్దు చేసుకున్నారు

1868లో షోగన్ పాలన పోయాక వచ్చిన మెయిజీ ప్రభుత్వంలో పెద్దల్లో ఎక్కువమంది సమురాయ్‌లే. ఓకుబో తొషిమిచి, కిదో టకయోషి, ఇతో హిరోబుమి, యమగటా అరితోమో. ఖజానాలో మూడో వంతు సమురాయ్ జీతాలకే పోతోందని వాళ్లు గుర్తించారు. 1873లో నిర్బంధ సైనిక సేవ తెచ్చారు, ఇక తుపాకీ ఎవరైనా పట్టవచ్చు. 1876 మార్చిలో కత్తి ధరించడం నిషేధించారు. అదే ఏడాది ఆగస్టులో జీతాలు ఆపేసి, బదులుగా మూడు లక్షల మందికి పైగా సమురాయ్‌లకు బాండు కాగితాలు ఇచ్చారు. చాలామంది వాటిని అమ్ముకుని వ్యాపారాలు పెట్టి నష్టపోయారు. 'సమురాయ్ వ్యాపారం' అనేది నవ్వులాటయింది.

తుపాకీని తాకం, కత్తులతోనే పోరాడతాం అన్నవాళ్లూ ఉన్నారు. 1876 అక్టోబరులో కుమమోటోలో దాదాపు 170 మంది అలాగే తిరగబడి ఒక్క రాత్రిలో నాశనమయ్యారు. 'ది లాస్ట్ సమురాయ్'కి ఆధారమని చెప్పే 1877 సత్సుమా తిరుగుబాటు అలాంటిది కాదు. సైగో టకమోరి మనుషుల దగ్గర రైఫిళ్లు, ఫిరంగులు ఉన్నాయి. అవి నిండుకున్నాకే కత్తులు దూశారు. సెప్టెంబరు 24న షిరొయామా కొండ మీద సైగో చనిపోయేనాటికి వెంట మిగిలింది కొన్ని వందల మంది. ఓడించిన సేనలో ఎక్కువమంది రైతుబిడ్డలు. మరుసటి ఏడాది మే నెలలో ఓకుబోను నడివీధిలో నరికి చంపింది కూడా మాజీ సమురాయ్‌లే.

మిగిలినవాళ్లు బడిపంతుళ్లయ్యారు, పోలీసులయ్యారు, పత్రికలు పెట్టారు, హొక్కైదోకు వెళ్లి అడవి కొట్టి సాగు చేశారు. మిత్సుబిషి స్థాపకుడు ఇవసాకి యటారో ముత్తాత అప్పులు తీర్చడానికి సమురాయ్ హోదానే అమ్ముకున్నాడు, మునిమనవడు జపాన్‌లోకెల్లా ధనికుల్లో ఒకడయ్యాడు. ఒక పాలకవర్గం తన హక్కులను తన చేత్తోనే కొట్టేసుకోవడం చరిత్రలో అరుదు. వాళ్ల యుద్ధాలన్నిటికంటే పెద్ద సాహసం అదే.

ఈ లోకాన్ని తెర మీద చూడాలనుకునేవాళ్లు యమదా యోజి తీసిన 'ది ట్విలైట్ సమురాయ్' (2002) తో మొదలుపెట్టాలి. ధాన్యపు గాదెలో లెక్కలు రాసి, సాయంత్రం కాగానే మతిమరుపు తల్లి, ఇద్దరు కూతుళ్ల కోసం ఇంటికి పరుగెత్తి, రాత్రి కూర్చుని కీచురాళ్ల పంజరాలు అల్లే చిరుద్యోగి అందులో కథానాయకుడు. జపాన్ వెళ్లేవాళ్లు ఒక్క రోజు కనజావాకు కేటాయించుకోవాలి. నగమాచి వీధిలో సమురాయ్ ఇళ్ల మట్టిగోడలు ఇంకా ఉన్నాయి. టోక్యో షింజుకులో ఆ వంద మంది తుపాకీ దళం కాపురమున్న పేట పేరు నేటికీ హ్యకునిన్‌చో. వాళ్లు పెంచిన అజేలియానే ఇప్పుడు షింజుకు వార్డు అధికారిక పుష్పం.